జాంగో ప్రాజెక్టులో ఏ ఫైలు ఎందుకుంది?

హైదరాబాద్ మణికొండ హాస్టళ్ళలో ఉంటూ పైథాన్ నేర్చుకునే కుర్రాళ్ళలో చాలామంది, వెబ్‌సైట్లు కట్టే జాంగో ఫ్రేమ్‌వర్క్ దగ్గరికొచ్చేసరికి తడబడతారు. ‘స్టార్ట్‌ప్రాజెక్ట్’, ‘స్టార్ట్‌యాప్’ అని రెండు కమాండ్లు కొట్టగానే డజనుకు పైగా ఫైళ్ళు పుట్టుకొస్తాయి. ముందు ఏది తెరవాలో తోచదు. పేర్లు బట్టీ పట్టే బదులు, బ్రౌజర్ నుంచి వచ్చే రిక్వెస్ట్ వెంట నడిచి చూడాలి.

అద్దె ఇళ్ళ సైటు ఒకటి కడుతున్నామనుకుందాం. ఎవరో మణికొండ పేజీ అడిగారు. ఏ చిరునామాకు ఏ ఫంక్షన్ పలకాలో ‘యూఆర్‌ఎల్స్’ ఫైల్లో ఉంటుంది. ఆ ఫంక్షన్ ఉండేది ‘వ్యూస్’లో. దానికి కావలసిన ఇళ్ళ వివరాలు డేటాబేస్‌లో ఏ రూపంలో ఉన్నాయో ‘మోడల్స్’ చెబుతుంది. ఆ వివరాలను ‘టెంప్లేట్స్’లోని హెచ్‌టీఎంఎల్‌లో పొదిగి వెనక్కి పంపుతారు. ఈ టెంప్లేట్స్ ఫోల్డర్‌ను మాత్రం జాంగో ఇవ్వదు, మనమే పెట్టుకోవాలి.

డేటాను, దాన్ని చూపించే తీరును విడదీయాలన్న ఆలోచన పాతదే. 1979లో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో ట్రిగ్వే రీన్‌స్కౌగ్ దానికి రూపమిచ్చాడు. జాంగో మాత్రం అమెరికాలోని కాన్సస్‌లో, లారెన్స్ జర్నల్-వరల్డ్ పత్రిక వెబ్ విభాగంలో పుట్టి 2005లో అందరికీ అందింది. గడువులోపే కొత్త పేజీలు నిలబెట్టాల్సిన చోటు అది. ఒకసారి రాసిన ముక్కను ఇంకో సైటులోనూ వాడుకోగలగాలి. ‘ప్రాజెక్టు’, ‘యాప్’ వేరువేరుగా ఉండటం ఆ అవసరానికి బాగా సరిపోతుంది.

కొత్తవాళ్ళు ఎక్కువగా చిన్నచూపు చూసేది ‘మైగ్రేషన్స్’ ఫోల్డర్‌ను. మోడల్‌లో ‘లిఫ్ట్ ఉందా’ అని ఒక గడి చేర్చి ‘మేక్‌మైగ్రేషన్స్’ కొడితే, ఆ మార్పు వరస నంబరుతో ఒక ఫైలుగా అక్కడ చేరుతుంది. ‘మైగ్రేట్’ కొట్టినప్పుడే డేటాబేస్ మారుతుంది. టీమ్‌లో మిగతావాళ్ళ మెషిన్లలోనూ అవే ఫైళ్ళు అదే వరసలో నడిస్తేనే అందరి పట్టికలూ ఒకేలా ఉంటాయి. చెత్త అనుకొని వాటిని చెరిపేస్తే ఆ వరస తెగిపోతుంది. అందుకే వాటిని కోడ్‌తో పాటే గిట్‌లో పెట్టాలి.

జాంగో సొంత కోడ్ కూడా ఒకసారి తెరిచి చూడండి. ‘లొకేల్’ ఫోల్డర్‌లో భాషకొక ఫోల్డర్ ఉంటుంది, ‘టీఈ’ మనది. మన ప్రాజెక్టు ‘సెట్టింగ్స్’ ఫైల్లో లాంగ్వేజ్ కోడ్ దగ్గర ‘టీఈ’ అని పెడితే చాలు, అడ్మిన్ పేజీలో తెలుగు మాటలు కనిపిస్తాయి. అనువాదం కానివి ఇంగ్లీషులోనే ఉండిపోతాయి. అలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. అనువాదాలు జరిగే ట్రాన్సిఫెక్స్ సైటులో జాంగో తెలుగు జట్టులో చేరి, వాటిని ఎవరైనా పూరించవచ్చు.