పలకతో పాటు పాలగ్లాసు



నక్కపల్లి మండలంలో జాతీయ రహదారి పక్కనున్న ఊళ్లలోనైనా, సముద్రతీరాన ఉన్న రాజయ్యపేట వంటి మత్స్యకార గ్రామాల్లోనైనా, పొద్దు పొడవకముందే పనికి బయలుదేరే తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. అటువంటి ఇంటి బిడ్డకు అంగన్‌వాడీలో పోసే పాలు ఎంతో విలువైనవి. అయితే ఆ పాలు బిడ్డకు హక్కుగా వచ్చేవా, లేక ప్రభుత్వం తలచినప్పుడు ఇచ్చేవా? ఈ సంగతి ప్రతి తల్లీ తెలుసుకోవాలి.

2013లో పార్లమెంటు జాతీయ ఆహార భద్రతా చట్టాన్ని చేసింది. ఆరు నెలలు మొదలుకొని ఆరేళ్ల వరకు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా ఆహారం ఇవ్వాలి. ఆపైన ఎనిమిదవ తరగతి వరకు ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో మధ్యాహ్న భోజనం పెట్టాలి. మూడు నుండి ఆరేళ్ల బిడ్డకు రోజుకు 500 కేలరీల శక్తి, 12 నుండి 15 గ్రాముల మాంసకృత్తులు అందాలని నాటి పట్టిక చెప్పింది. 2023లో దానిని సవరించి కాల్షియం, ఇనుము, విటమిన్ల కొలతలు కూడా చేర్చారు. అయితే పోషకాలకు కొలత చెప్పిన ఈ చట్టం, పాలు తప్పక పోయాలని పేరుపెట్టి చెప్పలేదు.

గనుక పాలు వచ్చేది రాష్ట్రాల పథకాల ద్వారానే. కర్ణాటకలో 2013 ఆగస్టు 1న క్షీరభాగ్య పథకం మొదలైంది. మన రాష్ట్రంలో 2020లో ఆరంభించిన సంపూర్ణ పోషణ పథకంలో గుడ్డుతో పాటు పాలనూ చేర్చారు. పథకం ప్రభుత్వ ఉత్తర్వుతో వస్తుంది, మరొక ఉత్తర్వుతో మారుతుంది.

చట్టంలో ఉన్నది కూడా శాశ్వతం కాదు. బ్రిటన్‌లో 1946 నాటి చట్టం బడిపిల్లలకు ఉచితంగా పాలు ఇచ్చింది. 1971లో వచ్చిన మరో చట్టం ఏడేళ్లు దాటిన పిల్లలకు వాటిని ఆపివేసింది. ఖర్చు తగ్గించవలసి వచ్చినప్పుడు మొదట కనబడేది పిల్లల గ్లాసే!

100 మిల్లీలీటర్ల పాలలో సుమారు 3 గ్రాముల మాంసకృత్తులు, 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. ఎదిగే ఎముకకు, పంటికి ఇవి ఎంతో అవసరం. పాలు పడక కడుపునొప్పి, విరేచనాలు అయ్యే బిడ్డ ఉంటే ఆ సంగతి అంగన్‌వాడీ టీచరుకు ముందే చెప్పండి.

మరి మనం చేయవలసినదేమిటి? నెలకొకసారైనా కేంద్రానికి వెళ్లి, పిల్లలకు ఏమేమి ఇస్తున్నారో ఆప్యాయంగా అడగండి. పాల ప్యాకెట్టు మీద తేదీ చూడండి. ఉబ్బిన ప్యాకెట్టును వాడనివ్వకండి. చట్టం చెప్పిన భోజనమే అందకపోతే జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి వ్రాయండి. భోజనం అందని బిడ్డకు రాష్ట్ర ప్రభుత్వం ఆహార భద్రతా భత్యం చెల్లించాలని అదే చట్టం చెబుతుంది.

అడిగే తల్లి ఉన్న ఊరిలో బిడ్డ గ్లాసు ఖాళీగా ఉండడం కష్టం. మన బిడ్డ కోసం మాత్రమే కాదు, అడగడానికి ఎవరూ లేని పక్కింటి బిడ్డ కోసం కూడా అడుగుదాం.