సైన్సు అకాడమీకి ఎన్నిక: ఓటు ఎవరిది, చోటు ఎవరిది?

ప్రతి ఏటా ఢిల్లీ నుంచి ఒక జాబితా వస్తుంది. భారత జాతీయ విజ్ఞాన శాస్త్ర అకాడమీకి (ఇన్సా) కొత్తగా ఎన్నికైన ఫెలోల జాబితా అది. పేరు, పనిచేసే సంస్థ, శాస్త్ర విభాగం కనిపిస్తాయి. జంతుశాస్త్రంలో కొందరు, వైద్యశాస్త్రంలో కొందరు, భౌతిక, రసాయన శాస్త్రాల్లో మరికొందరు. మరునాడు మన పత్రికల్లో 'హైదరాబాద్ శాస్త్రవేత్తకు అరుదైన గౌరవం' అని ఒక చిన్న వార్త పడుతుంది. చదివి పక్కన పెట్టేస్తాం.

హుజూర్‌నగర్ చుట్టుపక్కల ఇంటర్ బైపీసీ చదివే దళిత విద్యార్థులకు ఈ జాబితాతో ఏం సంబంధం అని ఎవరైనా అడగొచ్చు. చాలా సంబంధం ఉందనేది మా వాదన. ఏ జబ్బు మీద పరిశోధన గొప్పది, ఏ జ్ఞానం సైన్సు, ఎవరు శాస్త్రవేత్త అనే మూడు ప్రశ్నలకూ ఈ దేశంలో అధికారిక ముద్ర వేసే చోట్లలో అకాడమీ ఒకటి. ఆ ముద్ర ఎలా పడుతుందో అర్థం చేసుకోకుండా సైన్సులో సామాజిక న్యాయం గురించి మాట్లాడలేం.

అకాడమీ చేసే పని ఏమిటి?

మన దేశంలో సైన్సు అకాడమీలు ప్రధానంగా మూడు. 1930లో అలహాబాద్‌లో మేఘనాద్ సాహా చొరవతో ఒకటి, 1934లో బెంగళూరులో సి.వి.రామన్ చొరవతో ఒకటి మొదలయ్యాయి. 1935 జనవరిలో కలకత్తాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సెస్ పుట్టింది. అదే ఢిల్లీకి మారి, 1970లో ఇన్సాగా పేరు మార్చుకుంది. వైద్యానికి, వ్యవసాయానికి, పశువైద్యానికి వేరే జాతీయ అకాడమీలు కూడా ఉన్నాయి.

ఇవి పతకాలు పంచే క్లబ్బులు మాత్రమే కావు. ప్రభుత్వానికి సలహా ఇస్తాయి. అంతర్జాతీయ సైన్సు సంస్థల్లో దేశం తరఫున కూర్చుంటాయి. పత్రికలు నడుపుతాయి. విద్యార్థులకు వేసవి పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తాయి. 2010లో బీటీ వంకాయ వివాదం నడిచినప్పుడు కేంద్రం ఆరు అకాడమీలను కలిపి నివేదిక అడిగింది. ఆ నివేదికలో కొంత భాగం వేరేచోటి నుంచి యథాతథంగా ఎత్తి రాసినట్టు తేలి పెద్ద దుమారం రేగింది. మన చేలో ఏ విత్తనం వెయ్యాలనే విషయంలో కూడా అకాడమీ మాటకు విలువ ఉందని చెప్పడానికి ఇది చాలు. అలాంటి చోట ఎవరు కూర్చుంటున్నారనేది వారి సొంత విషయం కాదు. అది ప్రజల విషయం.

ఎన్నిక ఎలా జరుగుతుంది?

పంచాయతీ ఎన్నికలా ఎవరికి వారు నామినేషన్ వేసుకోవడం ఇక్కడ ఉండదు. ప్రధానంగా ఇప్పటికే ఫెలోలుగా ఉన్నవాళ్లే కొత్తవారి పేరు ప్రతిపాదించాలి. ఆ పేర్లను శాస్త్రాల వారీ కమిటీలు వడపోస్తాయి. జంతుశాస్త్రం పేర్లు జంతుశాస్త్ర కమిటీ, వైద్యం పేర్లు వైద్య కమిటీ చూస్తాయి. ప్రచురించిన పరిశోధనా పత్రాలు, వాటిని ఇతరులు ఎంతగా ఉటంకించారు, కొత్తగా ఏం కనిపెట్టారు అనేవి పరిశీలిస్తారు. కమిటీ ఎంపిక కౌన్సిల్‌కు వెళ్తుంది. చివరకు ఫెలోల ఆమోదంతో ఎన్నిక పూర్తవుతుంది.

అంటే లోపల ఉన్నవాళ్లు తలుపు తెరిస్తేనే బయట ఉన్నవాళ్లు లోపలికి వెళ్లగలరు. దీన్ని దురుద్దేశం అనాల్సిన పని లేదు. ఎవరికైనా తమకు తెలిసినవారి పేరే ముందు తట్టుతుంది. తెలిసినవారు అంటే తమ ల్యాబులో పనిచేసినవారు, తమ గైడు దగ్గరే చదివినవారు, సదస్సుల్లో పక్కన కూర్చుని భోంచేసినవారు. ఈ పరిచయాల వల ఏ కులాల మధ్య అల్లుకుని ఉందో, జాబితా కూడా చాలా వరకు ఆ కులాల మధ్యే తిరుగుతుంది. కులం పేరు ఎక్కడా రాయకపోయినా కులం పని చేసే తీరు ఇదే.

'ప్రతిభ ఒక్కటే కొలమానం' అనే మాట

అకాడమీల తరఫున ఎప్పుడూ వినిపించే జవాబు ఇది. సైన్సుకు కులం లేదు, లింగం లేదు, ప్రతిభే చూస్తాం అంటారు. చరిత్ర మరోలా చెబుతోంది.

1660లో మొదలైన లండన్ రాయల్ సొసైటీకి 1902లో హెర్తా అయర్టన్ అనే భౌతిక శాస్త్రవేత్త పేరు ప్రతిపాదించారు. ఆమె పరిశోధనలో లోపం ఉందని కాదు, వివాహిత స్త్రీ కాబట్టి చట్ట ప్రకారం ఫెలో కాలేదని తిప్పి పంపారు. అక్కడ తొలిసారి ఇద్దరు మహిళలు ఎన్నికైంది 1945లో. వేలూరు వైద్య శాస్త్రవేత్త గగన్‌దీప్ కాంగ్ 2019లో ఎన్నికయ్యేదాకా భారతదేశంలో పనిచేస్తున్న ఏ మహిళకూ ఆ గౌరవం దక్కలేదు. మన ఇన్సా విషయానికొస్తే, 1935లో పుట్టిన సంస్థకు తొలి మహిళా అధ్యక్షురాలిగా చంద్రిమా సాహా వచ్చింది 2020లో. ఎనభై ఐదేళ్లూ స్త్రీలకు ప్రతిభ లేకనా?

మేఘనాద్ సాహా సంగతి చూద్దాం. ఢాకా దగ్గరి పల్లెలో చిన్న దుకాణదారు కొడుకు. ఆయన పుట్టిన కులాన్ని ఆనాటి బెంగాల్ సవర్ణ సమాజం తక్కువగా చూసింది. కలకత్తాలో హాస్టల్లో ఉన్నప్పుడు తోటి విద్యార్థులు ఆయనతో కలిసి భోజనానికి కూర్చోలేదు. అదే మనిషి నక్షత్రాల వెలుగును చదివే సమీకరణం ఇచ్చి, 1927లో రాయల్ సొసైటీకి ఎన్నికయ్యారు. అలహాబాద్ అకాడమీకే కాదు, నేటి ఇన్సా పునాదికీ రాయి వేసినవారిలో ఆయన ముఖ్యుడు. పంక్తి భోజనంలో చోటు దొరకని మనిషి కట్టిన ఇల్లు అది. ఆ ఇంట్లో మన కులాల నుంచి ఎందరున్నారని అడగడం ఆయన వారసత్వాన్ని గుర్తు చేయడమే.

నల్లగొండ నీళ్లు చెప్పే పాఠం

'విశిష్ట' పరిశోధన అంటే ఏమిటి? దీనికి మన ఉమ్మడి జిల్లాలోనే ఒక కొలబద్ద ఉంది.

1930ల్లో నెల్లూరు ప్రాంతంలో దుక్కిటెద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం రైతులు గమనించారు. పశువులకొచ్చిన ఆ జబ్బే మనుషులకూ ఉందని 1937లో షార్ట్ బృందం మద్రాసు రాష్ట్రంలో ఫ్లోరోసిస్ గురించి ప్రచురించింది. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద సిద్దిఖీ రాసిన పత్రం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 1973లో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో మోకాళ్లు వంకరపోతున్న పిల్లల గురించి ల్యాన్సెట్‌లో రాశారు. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. దానికి ప్రపంచమంతా పెట్టిన పేరు 'నల్లగొండ టెక్నిక్'.

జిల్లా పేరు సైన్సు పుస్తకాలకెక్కింది. జిల్లాలో బోరు నీళ్లు మాత్రం మారలేదు. హుజూర్‌నగర్ వైపు సాగర్ ఎడమ కాల్వ పారింది. అదే జిల్లాలో కాల్వ అందని మర్రిగూడ, మునుగోడు, చండూరు మెట్టల్లో తరాల వెన్నెముకలు వంగిపోయాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీలో నిలబడింది ఈ నీళ్ల కోసమే. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయితే తప్ప దేశం మన వైపు చూడలేదు. శాస్త్రవేత్తలు ల్యాన్సెట్‌లో రాసిన ఇరవై మూడేళ్లకు, జనం ఎన్నికనే ప్రయోగశాల చేసుకోవాల్సి వచ్చింది.

దీని పక్కన మరో తెలుగు ఉదాహరణ పెట్టి చూద్దాం. శ్రీకాకుళంలో పుట్టి విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామి గొప్ప వైద్య శాస్త్రవేత్త. హిమాలయ పాదాల్లోని కాంగ్రా లోయలో 1956 నుంచి పరిశోధన చేసి, ఉప్పులో అయోడిన్ కలిపితే గాయిటర్ తగ్గుతుందని చూపించారు. 1979-80లో ఇన్సా అధ్యక్షుడయ్యారు, 1986లో రాయల్ సొసైటీకి ఎన్నికయ్యారు. ఈరోజు మనం తింటున్న అయోడిన్ ఉప్పు వెనుక ఆ పరిశోధన ఉంది. పేదల జబ్బు మీద పని కూడా అకాడమీ శిఖరానికి చేరగలదని, శాస్త్రవేత్తకు పీఠం దొరికితే ఆ జబ్బుకు విధానం దొరుకుతుందని ఆయన జీవితం చెబుతోంది. అందుకే ఏ జబ్బు తెలిసినవాళ్లు లోపల ఉన్నారనేది ముఖ్యం.

లంద గుంతలో ఉన్నది సైన్సు కాదా?

చచ్చిన గొడ్డును కోసి తోలు తీసిన మాదిగ చేతులకు ఏ అవయవం ఎక్కడుంటుందో తెలుసు. సున్నంలో నానబెట్టి వెంట్రుకలు ఊడదీయడం, తంగేడు చెక్క, కరక్కాయతో లందలో తోలు ఊనడం రసాయన ప్రక్రియలే. 1948లో మద్రాసులో కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ వచ్చాక, తోలు పని యలవర్తి నాయుడమ్మ వంటివారి కృషితో ప్రపంచం మెచ్చిన శాస్త్రమైంది. అది మంచిదే. కానీ ల్యాబులో అది 'లెదర్ సైన్స్', వాడలో అది 'అంటరాని పని'. కంచ ఐలయ్య తన 'పోస్ట్ హిందూ ఇండియా'లో మాదిగలను శాస్త్రవేత్తలుగా, మంగలివారిని సామాజిక వైద్యులుగా పిలిచింది ఈ వివక్షను ఎత్తిచూపడానికే. కాన్పులు చేసిన మంత్రసానుల అనుభవం కూడా ఇలాగే పేరు లేకుండా పోయింది.

పరిశోధనలో మనం అసలే లేమా అంటే, ఉన్నాం. 2009లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు విదేశీ సహచరులతో కలిసి నేచర్‌లో ప్రచురించిన భారత జనాభా చరిత్ర అధ్యయనంలో మాల, మాదిగ, చెంచు సమూహాల నమూనాలు ఉన్నాయి. కొత్త తరాల పెళ్లిళ్లను కులం ఎలా బిగించిందో తర్వాతి అధ్యయనాలు జన్యువుల్లోనే చూపించాయి. విలువైన పరిశోధన అది. మన రక్తం పరీక్ష నాళికలో ఉంది. ఆ నాళికను పట్టుకునే చేతుల్లో, ఫలితాన్ని బేరీజు వేసే కమిటీల్లో మనం ఎంతమందిమి?

నిచ్చెన ఎక్కడ విరుగుతోంది?

హుజూర్‌నగర్ గురుకులంలో చదివే ఒక అమ్మాయిని ఊహించుకుందాం. సూర్యాపేట ప్రభుత్వ మెడికల్ కాలేజీలోనో, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలోనో సీటుకు ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్ ఉంది. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో అది మూడు గ్రూపులుగా 1, 9, 5 శాతాలుగా వర్గీకరణ అయింది. పీజీకి ఉంది. పీహెచ్‌డీకి ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్ ఉంది. అక్కడి నుంచి మెట్లు పలచబడతాయి. అధ్యాపక పోస్టుల్లో రిజర్వేషన్ కోసం 2019లో తెచ్చిన కేంద్ర చట్టమే టాటా మౌలిక పరిశోధనా సంస్థ, బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రం, జాతీయ మెదడు పరిశోధనా కేంద్రం వంటివాటిని మినహాయించింది. పేరున్న ల్యాబులో ఉద్యోగం లేకుండా పేరున్న పత్రాలు రావు, అవి లేకుండా అకాడమీ పిలుపు రాదు. పై మెట్టుకు పోయేకొద్దీ దళిత, ఆదివాసీ శాస్త్రవేత్తల సంఖ్య ఎలా తగ్గిపోతుందో 2023 జనవరిలో నేచర్ పత్రిక లెక్కలతో సహా చూపింది.

మధ్యలో వేధింపులు వేరే. ఢిల్లీ ఎయిమ్స్‌లో కుల వివక్ష ఉందని థోరట్ కమిటీ 2007లోనే నివేదిక ఇచ్చింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్ర పరిశోధక విద్యార్థి సెంథిల్ కుమార్ 2008లో, సైన్సు రచయిత కావాలని కలగన్న రోహిత్ వేముల 2016లో ప్రాణాలు తీసుకున్నారు. ఫెలోల జాబితాలో మన పేర్లు ఎందుకు లేవని అడిగేటప్పుడు ఈ పేర్లు కూడా గుర్తుండాలి.

మనం అడగాల్సింది

ఫెలోషిప్‌లో కోటా పెట్టాలా వద్దా అనే చర్చ దగ్గరే మనల్ని ఆపేస్తారు. దానికంటే ముందు అడగాల్సినవి ఉన్నాయి.

ఒకటి, ఏటా ఎన్ని పేర్లు ప్రతిపాదనకు వచ్చాయి, ఎన్ని ఎన్నికయ్యాయి అనేవి సామాజిక వర్గం, లింగం, ప్రాంతం వారీగా, పేర్లు బయటపెట్టకుండానే ప్రకటించాలి. లెక్క లేకుండా వివక్ష లేదనడం సైన్సు కాదు.

రెండు, ఫెలోల పరిచయం లేనివారి పేర్లు కూడా కమిటీ ముందుకు వచ్చే దారి కావాలి. జిల్లా మెడికల్ కాలేజీలు, పశువైద్య కళాశాలలు, రాష్ట్ర విశ్వవిద్యాలయాల నుంచి పేర్లు వెతికే బాధ్యత అకాడమీయే తీసుకోవాలి.

మూడు, జంతు, వైద్య శాస్త్రాల్లో ప్రతిభను పత్రాల లెక్కతోనే కాక, ఆ పరిశోధన వల్ల ఎవరి నీళ్లు, ఎవరి ఎముకలు, ఎవరి పశువులు బాగుపడ్డాయో చూసి కూడా కొలవాలి.

నాలుగు, ప్రజాధనంతో నడిచే ఏ పరిశోధనా సంస్థకూ రిజర్వేషన్ నుంచి మినహాయింపు ఉండకూడదు.

ఈ విమర్శ బయటివాళ్లదే కాదు. సీసీఎంబీ వ్యవస్థాపకుడు పుష్ప మిత్ర భార్గవ, సమాజ సమస్యలను అకాడమీలు పట్టించుకోవడం లేదంటూ 1994లో వాటి ఫెలోషిప్‌లు వదులుకున్నారు. ఆయనకు వదులుకోవడానికి ఫెలోషిప్ ఉంది. మన పిల్లలు ఇంకా ఆ తలుపు దాకా చేరాల్సి ఉంది. వచ్చే ఏడాది జాబితా వచ్చినప్పుడు ఎవరు ఎన్నికయ్యారని మాత్రమే చదవొద్దు. ఎవరి పేరు ఎవరూ ప్రతిపాదించలేదో కూడా అడుగుదాం.