పచ్చి బాలింతకు బిందె బరువు

డిసెంబరు వస్తే లంబసింగిలో మంచు చూడటానికి వచ్చే కార్లు బారులు తీరతాయి. ఆ చలిలోనే చింతపల్లి కొండల్లో కాఫీ పళ్ల కోత సాగుతుంది. కోతకు వెళ్లే ఆడవాళ్లలో బాలింతలూ ఉంటారు.

ఈ కొండల్లో రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణిని డోలీలో మోసుకొచ్చే కష్టం పత్రికలకెక్కింది, ఎక్కాలి కూడా. బిడ్డనెత్తుకుని ఇంటికి చేరాక ఆ తల్లి ఎలా ఉందన్నది మాత్రం ఎవరికీ వార్త కాదు. దగ్గినా తుమ్మినా మూత్రం పడిపోతుంటే, ‘పిల్లలు పుట్టాక ఇంతేలే’ అని తనకు తానే సర్దిచెప్పుకుంటుంది. ఇంతే కాదు. చాలావరకు తగ్గించుకోగల బాధ ఇది.

కటి భాగంలో ముందు ఎముక నుంచి వెనక తోకఎముక దాకా ఉయ్యాలలా పరుచుకున్న కండరాలుంటాయి. మూత్రాశయం, గర్భసంచి, మలాశయం వాటి మీదే ఆనుకుంటాయి. ఈ కండరాలు తొమ్మిది నెలల బరువుకు అలిసి, కాన్పులో బాగా సాగి, మెల్లగా కోలుకుంటాయి. సిజేరియన్ అయినా గర్భం మోసిన బరువు తప్పదు. ఇంతలోనే నీళ్లు, కట్టెలు. నిండు బిందె ఎత్తే మనిషిని గమనించండి: వంగి, ఊపిరి బిగబట్టి, ఒక్క ఉదుటున లేపుతుంది. ఆ ఒత్తిడంతా కిందికే దిగుతుంది. పొగ పొయ్యి దగ్గర తగులుకున్న దగ్గు, మలబద్ధకం దానికి తోడు. కొందరిలో గర్భసంచే కిందికి జారుతుంది. నేపాల్ కొండల్లో ఇది ఎంత పెద్ద సమస్య అంటే, 2008లో అక్కడి సుప్రీంకోర్టు దీన్ని స్త్రీల ఆరోగ్య హక్కుల విషయంగానే తీర్పు చెప్పింది.

అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ప్రచారంలోకి తెచ్చిన, ఈ కండరాలకు బలమిచ్చే వ్యాయామానికి పైసా ఖర్చు లేదు. మూత్రం, గ్యాసు రెండూ ఆపుకుంటున్నట్టు లోపలికి, పైకి బిగించాలి. తొడలు, పిరుదులు బిగుసుకోకూడదు, ఊపిరి ఆగకూడదు. మొదట్లో రెండు మూడు అంకెలు లెక్కపెట్టేదాకా, పోనుపోను పది దాకా పట్టి ఉంచి, మళ్లీ అంతసేపూ పూర్తిగా వదలాలి. ఇలా పదేసి సార్లు, రోజుకు మూడు పూటలు. వదలడమూ బిగించడమంత ముఖ్యం. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయకూడదు. నొప్పి లేకుంటే, మూత్రపు గొట్టం పెట్టి ఉంటే అది తీసేశాక, కాన్పయిన కొద్ది రోజులకే పడుకుని మొదలుపెట్టవచ్చు. బిడ్డకు పాలిస్తూనూ చేసుకోవచ్చు. దగ్గు వచ్చే ముందు, బరువెత్తే ముందు ఒక్కసారి బిగిస్తే ఆసరా. ఫలితం తెలియడానికి మూడు నెలలు పట్టవచ్చు. ఫ్రాన్స్‌లో బాలింతలకు ఈ శిక్షణ ఖర్చును ప్రభుత్వ ఆరోగ్య బీమాయే భరిస్తుంది.

మనకూ ఒక దారి సిద్ధంగా ఉంది. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త పసిబిడ్డను చూడటానికి ఇంటికి వెళ్లాలి. బిడ్డను తూకం వేసే ఆ చేతులతోనే తల్లినీ పక్కన కూర్చోబెట్టుకుని, ‘మూత్రం ఆగుతోందా అమ్మా, కింద ఏదైనా జారినట్టుందా?’ అని అడగాలి. కువి మాట్లాడే గూడెంలో కువిలో, ఆదివాసీ ఒడియా మాట్లాడేచోట ఆ భాషలో అడగాలి. వ్యాయామం నేర్పాలి. జారినట్టున్నా, మూడు నెలలకూ తగ్గకపోయినా ఆసుపత్రికి పంపాలి. పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), వైద్య శాఖ ఈ రెండు ప్రశ్నల్నీ ఆశాల శిక్షణలో చేర్చాలి. ఇంట్లో మగవాళ్లకు ఒక్క మాట: కాన్పయ్యాక కనీసం ఆరు వారాలు నీళ్లూ కట్టెలూ మీరే మోయండి.