పన్ను లేదు సరే, లెక్క మాటేమిటి?

ఉత్తరాంధ్ర నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో కొలువుకు వెళ్ళిన తెలుగు కుటుంబాలు బిలాస్‌పూర్‌లో తరాల తరబడి స్థిరపడ్డాయి. నేడు ఆ ఊరు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. అక్కడ ఒక ఇంటిని ఊహించుకుందాం. తండ్రికి 68 ఏళ్ళు. రైల్వే గార్డుగా పదవీ విరమణ చేశాడు. కొడుకు స్టేషను దగ్గర ఇడ్లీ హోటలు నడుపుతున్నాడు.

“12 లక్షల దాకా పన్ను లేదు. ఇక మనకు ఆ గొడవెందుకు?” అన్నది ఇద్దరి ధీమా. 2025 బడ్జెట్ తరువాత ఎన్నో ఇళ్ళలో వినవచ్చిన మాటే ఇది. అయితే, ఇందులో నిజం సగమే.

2025-26 ఆదాయానికి కొత్త పద్ధతిలో అసలు మినహాయింపు 4 లక్షల వరకే. ఆపైన 8 లక్షల దాకా 5 శాతం, 12 లక్షల దాకా 10 శాతం పన్ను లెక్కకు వస్తుంది. 12 లక్షలకు అది 60,000 రూపాయలు. ఆ మొత్తాన్ని చట్టం రిబేటుగా తగ్గిస్తుంది. అనగా, పన్ను పుట్టి, ఆ తరువాత రద్దవుతుంది. కాబట్టి ఆదాయం 4 లక్షలు దాటినవారు, పన్ను సున్నా అయినా, సాధారణంగా రిటర్ను దాఖలు చేయవలసిందే. ఇంటిస్థలం అమ్మగా వచ్చిన దీర్ఘకాలిక లాభం వంటి వాటిపై పన్నుకు ఈ రిబేటు వర్తించదు.

తండ్రి లెక్క చూద్దాం. ఏటా పింఛను 6 లక్షలు, డిపాజిట్ల మీద వడ్డీ 2 లక్షలు. పింఛను జీతం కింద లెక్క కనుక 75,000 తగ్గింపు పోగా, ఆదాయం 7,25,000. పన్ను 16,250, రిబేటుతో సున్నా. కాని వడ్డీ లక్ష దాటినందున బ్యాంకు ముందుగానే 10 శాతం, అంటే 20,000 రూపాయలు కోసుకుంది. రిటర్ను వేస్తేనే ఆ సొమ్ము తిరిగి వస్తుంది. మౌనంగా ఊరుకుంటే ఖజానాలోనే ఉండిపోతుంది.

కొడుకు అమ్మకాలు ఏటా 80 లక్షలు: నగదు 30, బ్యాంకు ద్వారా 50. చిన్న వ్యాపారికి చట్టం ఒక సులువు చూపింది. నగదు అమ్మకాలలో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదానిలో 6 శాతం కనీస లాభంగా చూపితే, ఖాతా పుస్తకాల బరువు లేదు. ఆ ప్రకారం అతని లాభం 5,40,000. పన్ను సున్నాయే, రిటర్ను మాత్రం తప్పదు. నిజమైన లాభం ఇంతకు మించితే ఆ అంకెనే చూపాలి.

రేపు అతడు స్నేహితునితో కలిసి భాగస్వామ్య సంస్థ పెడితే కథ మారుతుంది. సంస్థకు 4 లక్షల మినహాయింపూ లేదు, రిబేటూ లేదు. పన్నుకు లోబడే లాభంలో మొదటి రూపాయి నుంచీ 30 శాతం.

1962 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన 1961 నాటి చట్టం స్థానంలో, 2025 నాటి చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. ‘గత సంవత్సరం’, ‘మదింపు సంవత్సరం’ అనే చిక్కుపేర్లు పోయి ‘పన్ను సంవత్సరం’ ఒక్కటే మిగిలింది. భాష సులువైనా సూత్రం పాతదే: పన్ను లేకపోవడం వేరు, లెక్క చెప్పనక్కరలేకపోవడం వేరు. ఆ తేడా తెలియకపోతే, మన గార్డుగారికి 20,000 రూపాయల నష్టం.