గతించినవారి కంప్యూటరు

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలో పూలు, కూరగాయలు పండించు ఇండ్లలో సైతము నేడు పద్దులును, భూమి పత్రముల నకళ్లును కంప్యూటరులో చేరుచున్నవి. ఇంటి యజమాని గతించినచో పాస్‌వర్డు ఆయనతోనే పోవును.

ఈ తాళములు రెండు విధములని మనవి చేయుచున్నాము. ప్రవేశమునకు మాత్రమే పాస్‌వర్డు ఉన్నచో, డిస్కును ఊడదీసి వేరొక యంత్రమునకు తగిలించి చాలవరకు చదువవచ్చును. బిట్‌లాకరు వంటి గూఢలిపి ఉన్నచో, 48 అంకెల పునరుద్ధరణ సంఖ్య లేక నిపుణులును సాధారణముగా తెరువజాలరు. ఆ సంఖ్య గతించినవారి మైక్రోసాఫ్టు ఖాతాలోనో, అచ్చువేసిన కాగితముపైననో ఉండవచ్చును.

కంప్యూటరు తెరచినంతనే హక్కు సిద్ధింపదు. రావలసిన బాకీలకు 1925 నాటి భారత వారసత్వ చట్టము క్రింద న్యాయస్థానపు ధ్రువపత్రమును, భూమికి తహశీల్దారు ఉత్తరువును పొందవలెను. కనుక వారసులందరి యెదుట తెరచుట మేలు. జీవించియుండగనే ఆ సంఖ్యను వ్రాసి పట్టాదారు పాసుపుస్తకముతో భద్రపరచుట అంతకంటె మేలు.