వీసా ఇద్దరికీ, ఉద్యోగం ఒక్కరికేనా?

మా అన్నయ్య కూతురికి పెళ్లయి ఏడాది కూడా కాలేదు, అల్లుడికి అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చింది. ఇంట్లో అందరూ స్వీట్లు పంచుకుంటుంటే ఆ పిల్ల నాకు ఫోన్ చేసి ఒకే ఒక్క మాట అడిగింది. "బాబాయ్, నేనూ వెళ్తే అక్కడ ఉద్యోగం చేసుకోనిస్తారా?" గచ్చిబౌలిలో మూడేళ్లుగా పనిచేస్తోంది. మొన్ననే జీతం పెరిగింది. అత్తగారి వైపు వాళ్ల ఆలోచన మాత్రం ఎప్పుడు పంపుదాం, ఏ నెలలో టికెట్లు చవక అనే దగ్గరే ఉంది.

నన్నడిగితే అసలు ప్రశ్న ఆ పిల్లదే. చదువుకునేవాళ్ల వెంట భార్యనో భర్తనో రానివ్వడం వేరు, వచ్చినవాళ్లను పని చేసుకోనివ్వడం వేరు. మొదటిది తేల్చుకుని రెండోది మరిచిపోతుంటారు మనవాళ్లు.

అమెరికా సంగతే ముందు చూద్దాం. 2024-25లో అక్కడున్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. అన్ని దేశాల్లోకీ మనమే ముందు. చదువుకునేవాళ్లది ఎఫ్-1 వీసా. భార్య లేదా భర్త, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలు ఎఫ్-2 మీద వెళ్లొచ్చు. వీసాకు కావాల్సిన ఐ-20 అనే పత్రాన్ని యూనివర్సిటీ ఒక్కొక్కరి పేరునా విడిగా ఇస్తుంది. వాళ్ల ఖర్చులకు కూడా డబ్బు చూపిస్తేనే ఆ కాగితం వస్తుంది. ఎంత చూపించాలన్నది ఒక్కో యూనివర్సిటీలో ఒక్కోలా ఉంటుంది. నమోదు కోసం తీసుకునే 350 డాలర్ల సెవిస్ ఫీజు విద్యార్థి ఒక్కరే కడితే చాలు. 185 డాలర్ల వీసా ఫీజు మాత్రం తలా కట్టాల్సిందే.

ఇంతవరకూ ఇబ్బంది లేదు. చిక్కంతా ఎఫ్-2 మీద వెళ్లాకే. ఆ వీసాతో ఉద్యోగం చేయకూడదు. పార్ట్‌టైమూ లేదు, క్యాంపస్‌లో పనీ లేదు. సోషల్ సెక్యూరిటీ నంబరూ రాదు. చదువుకుందామన్నా పార్ట్‌టైమ్ కోర్సుల వరకే. పూర్తిస్థాయి డిగ్రీ కావాలంటే ముందు సొంతంగా ఎఫ్-1కి మారాలి. పిల్లలకు ఈ అడ్డు లేదు, 12వ తరగతి దాకా మామూలుగా బడికి వెళ్లొచ్చు.

ఇప్పుడు కాలం లెక్క వేయండి. ఎంఎస్ రెండేళ్లు. చదువయ్యాక అక్కడే ఉద్యోగం చేసుకునే ఓపీటీ 12 నెలలు, సైన్సు, ఇంజినీరింగ్ కోర్సులైతే మరో 24 నెలలు. మొత్తం ఐదేళ్లు. ఓపీటీలో భర్త జీతం తెచ్చుకుంటున్నా భార్య ఇంకా ఎఫ్-2 లోనే ఉంటుంది. ఆ తర్వాత ఉద్యోగ వీసా హెచ్-1బీకి లాటరీ. ఏడాదికి కోటా 85,000, అందులో 20,000 అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు. అదృష్టం బాగుండి తగిలితే భార్యకు డిపెండెంట్ వీసా హెచ్-4 వస్తుంది. దాని మీదా వెంటనే పని చేయనివ్వరు. 2015 మే 26 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, సాధారణంగా భర్త గ్రీన్‌కార్డు ఫైలు ఐ-140 (కంపెనీ పిటిషన్) ఆమోదం దశ దాటాకే ఆమెకు పని అనుమతి దొరుకుతుంది. పాతికేళ్ల ఇంజినీరమ్మాయి ముప్పై దాటేదాకా రెజ్యూమెలో ఏమీ రాసుకోలేని పరిస్థితి. కొందరికి లాటరీ ముందే తగిలి ఈ కాలం తగ్గొచ్చు. తగులుతుందని ముందే అనుకుని కూర్చోవడం లెక్క కాదు.

కాగితాల దగ్గర ఒక మాట. పెళ్లి పత్రిక, ఫొటో ఆల్బమ్ ఉన్నాయి కదా అని ధీమాగా ఉంటారు. కావాల్సింది రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే పెళ్లి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. అయినా వీసా అవసరం పడేదాకా చాలా ఇళ్లలో ఆ ఊసే ఉండదు. మా అన్నయ్య ఇంట్లోనూ అంతే. సర్టిఫికెట్ చేతికొచ్చాక చూస్తే అందులో అల్లుడి ఇంటిపేరు పొడి అక్షరాల్లో ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. దాన్ని సరిచేయించడానికి మళ్లీ తిరగాల్సి వచ్చింది.

అమ్మానాన్నల గురించీ అడుగుతుంటారు. నేను ఇక్కడ చెప్పే ఏ దేశమూ విద్యార్థి తల్లిదండ్రులను డిపెండెంట్లుగా తీసుకోదు. వాళ్లకు విజిటర్ వీసానే దారి. పిల్లల వయసు హద్దు కూడా ఒక్కో చోట ఒక్కోటి. అమెరికాలో 21 ఏళ్లలోపు, కెనడాలో 22 లోపు, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో 18 లోపు.

బ్రిటన్‌లో తలుపే మూసుకుంది. ఎందుకు మూశారో అంకెలే చెబుతాయి. 2019లో విద్యార్థుల కుటుంబ సభ్యులకు వాళ్లిచ్చిన వీసాలు సుమారు 16,000. 2022కి అవి 1,36,000 అయ్యాయి. మూడేళ్లలో ఎనిమిది రెట్లకు పైగా! నైజీరియా వాళ్లవి దాదాపు 61 వేలు, రెండో స్థానంలో మనవాళ్లవి 39 వేలు. ఏడాది మాస్టర్స్‌లో చేరడం, వెంట వచ్చిన భాగస్వామి ఫుల్‌టైమ్ ఉద్యోగం చేయడం అప్పట్లో బాగా నడిచింది. దాన్ని ఆపాలన్న నిర్ణయాన్ని 2023 మేలో ప్రకటించారు, 2024 జనవరి 1 నుంచి అమలు చేశారు. ఇప్పుడు పీహెచ్‌డీ వంటి పరిశోధన కోర్సుల వాళ్లు, ప్రభుత్వ స్కాలర్‌షిప్‌పై ఆరు నెలలకు మించిన కోర్సు చదివేవాళ్లు మాత్రమే కుటుంబాన్ని తీసుకెళ్లగలరు. మామూలు ఎంఎస్సీ, ఎంబీఏ వాళ్లకు ఆ అవకాశం లేదు. "చదువయ్యాక గ్రాడ్యుయేట్ వీసా వస్తుందిగా, అప్పుడు పిలిపించుకుంటాడు" అని ధైర్యం చెప్పేవాళ్లున్నారు. అదీ కుదరదు. చదువు రోజుల్లో డిపెండెంట్‌గా లేని భార్యకు గ్రాడ్యుయేట్ వీసా మీద కొత్తగా చోటివ్వరు. అతను స్కిల్డ్ వర్కర్ వంటి ఉద్యోగ వీసాకు మారేదాకా ఆగాలి.

పీహెచ్‌డీ వాళ్ల ఖర్చు ఎలా ఉంటుందో చూడండి. లండన్ బయట చదివే విద్యార్థి 2025 నవంబరు నుంచి నెలకు 1,171 పౌన్ల చొప్పున 9 నెలలకు 10,539 పౌన్లు చూపాలి. వెంట వచ్చే ఒక్కొక్కరికీ నెలకు 680, అంటే 6,120. భార్య, ఒక బిడ్డ కలిస్తే మొత్తం 22,779. పౌను 115 రూపాయలనుకుంటే 26 లక్షల పైమాటే. ఫీజు దీనికి అదనం. ఆ డబ్బు ఖాతాలో వరుసగా 28 రోజులు కదలకుండా ఉండాలి. చుట్టాల దగ్గర వారం రోజులకు సర్దుకుని చూపిద్దామంటే నడవదు. ఇది చూపించి మళ్లీ వాడుకునే సొమ్ము. హెల్త్ సర్‌చార్జి అలా కాదు, ముందే కట్టేయాలి. మనిషికి ఏడాదికి 776 పౌన్లు, మూడేళ్ల లెక్కన ముగ్గురికి 6,984. ఇంత పెట్టించుకున్నా ఒక మేలుంది, భార్య ఉద్యోగం చేసుకోవచ్చు.

కెనడాలో అంతా కోర్సు నిడివి మీద ఉంది. 2025 జనవరి 21 నుంచి 16 నెలలు, అంతకు మించిన మాస్టర్స్, పీహెచ్‌డీ, కొన్ని వృత్తివిద్యా కోర్సుల వాళ్ల భాగస్వామికే ఓపెన్ వర్క్ పర్మిట్. ఏడాది మాస్టర్స్‌లో ఫీజు తక్కువని చేరితే భార్య పర్మిట్ పోయినట్టే. కాలేజీ డిప్లొమాలకైతే ఆశే పెట్టుకోవద్దు. ముగ్గురున్న కుటుంబం ఫీజు, ప్రయాణం కాక 35,040 కెనడా డాలర్లు చూపాలి.

ఆస్ట్రేలియా డబ్బుంటే రమ్మంటుంది. విద్యార్థికి ఏడాదికి 29,710 ఆస్ట్రేలియా డాలర్లు, భాగస్వామికి 10,394, బిడ్డకు 4,449, బడి ఈడు పిల్లలైతే చదువుకు మరో 13,502. బడికెళ్లే బిడ్డతో ముగ్గురున్న కుటుంబానికి 58,055. డాలరు 55 రూపాయలుగా వేసుకుంటే 32 లక్షలు. ఇదీ కోర్సు ఫీజు, విమానం టికెట్లు కలపని లెక్క. మాస్టర్స్, పీహెచ్‌డీ వాళ్ల భాగస్వామి ఎన్ని గంటలైనా పనిచేయొచ్చు. మిగతా కోర్సులైతే పదిహేను రోజులకు 48 గంటలు. ఒక జాగ్రత్త: భార్యాబిడ్డలు తర్వాత వస్తారనుకున్నా విద్యార్థి మొదటి దరఖాస్తులోనే వాళ్ల పేర్లు రాయాలి. దాచిపెడితే తర్వాత వాళ్లకు వీసా రాకపోవచ్చు.

జర్మనీ భార్యను పని చేసుకోనిస్తుంది కానీ, సాధారణంగా ముందు ఏ1 స్థాయి జర్మన్ నేర్చుకుని రమ్మంటుంది.

అమెరికానే అని నిశ్చయమైపోయిన ఇళ్లలో భార్యను ఎఫ్-2 మీద పంపడం నాకు ఆఖరి దారిగానే కనిపిస్తుంది. చంటిబిడ్డ ఉండి కలిసే ఉండాలనుకుంటే సరే. లేకపోతే ఆమె కూడా సొంతంగా సీటు తెచ్చుకోవడమో, ఇక్కడి ఉద్యోగంలోనే కొనసాగుతూ సెలవుల్లో వెళ్లి రావడమో మేలు. మా పిల్ల ఇప్పుడు జీఆర్ఈ పుస్తకం కొనుక్కుంది.

ఈ నిబంధనలు రెండేళ్లకోసారైనా మారుతున్నాయి. ఫీజు కట్టే రోజున ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. ఎవరో వాట్సాప్‌లో పంపిన పాత స్క్రీన్‌షాట్ చూసి మీ ఇంటి అమ్మాయి చేత రాజీనామా పెట్టించకండి.