ఎస్పెలెట్ మిరపకాయ: పేరు నిలుపుకొన్న రైతులు

ఫ్రాన్సు దేశపు వంట యనగానే పట్టణములలోని గొప్ప భోజనశాలలు తలపునకు వచ్చును. కాని యా వంటకు మూలము పల్లెలే. ఉత్తరమున నార్మండీ సీమలో పాడి మెండు. అచ్చటివారు వెన్న, మీగడ, ఆపిలుపండ్లతో వండుకొందురు. దక్షిణమున ప్రోవాన్సు సీమలో ఎండ మెండు. అచ్చట ఆలివునూనె, వెల్లుల్లి లేనిదే పొయ్యి రాజదు. నైరృతి సీమవారు బాతు కొవ్వుతో వండుదురు. ఏ నేల పంట ఆ నేల వంట. గోదావరీతీరమందలి మన యానాము 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలోనే యుండెను గావున ఆ దేశపు పేరు తెలుగువారికి క్రొత్తది గాదు.

మిరప పండించు పొదిలి సీమ రైతులు ఆ దేశమున ముఖ్యముగా తెలిసికొనదగిన గ్రామ మొకటి కలదు. పిరెనీసు పర్వతముల చెంత, బాస్కు జాతివారు నివసించు ఆ యూరి పేరు ఎస్పెలెట్. అమెరికా ఖండమున పుట్టిన మిరప పోర్చుగీసువారి వెంట మన దేశమునకు వచ్చినట్లే, స్పెయిను మీదుగా ఆ యూరికి చేరెను. అచ్చటివారు మిరియములకు బదులుగా దానినే వాడుదురు. కాయలను దారములకు గ్రుచ్చి ఇండ్ల గోడలకు వ్రేలాడదీయుదురు. ఉల్లి, టొమాటో, గ్రుడ్లతో చేయు పిపెరాడ్ అను వంటకమున ఆ కారపుపొడి చల్లుదురు. కారమున అది మన సన్నపుకాయలో పదియవ వంతు మాత్రమే. అయినను దాని పేరు లోకప్రసిద్ధము.

దీనికి కారణమేమి? ఊరిపేరు ఆ యూరి రైతుల సొత్తు అను న్యాయమును ఫ్రెంచివారు ముందే గుర్తించిరి. రోక్‌ఫోర్ అను గొఱ్ఱెపాల జున్నునకు 1925లో చట్టరక్షణ కలిగెను. ద్రాక్షసారాయములకు 1935లో కలిగెను. ఎస్పెలెట్ సాగుదారులును సంఘముగా నేర్పడి 2000 సంవత్సరమున అట్టి రక్షణ సాధించిరి. ఐరోపా సమాజము 2002లో దానిని ఆమోదించెను. నిర్ణయింపబడిన 10 గ్రామములలో పండినది తప్ప మఱి యే కాయయు ఆ పేర అమ్మరాదు. విత్తనము గొర్రియా అను రకమే. కాయ చేతితో కోయవలెను. పొడికై యుంచిన కాయను కనీసము 15 దినములు మాగనిచ్చి, ఏఱి, ఎండబెట్టి, దంచవలెను. రుచి పరీక్షలో నెగ్గని పొడికి ఆ పేరు లేదు.

ఇక మన సంగతి విచారింతము. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టము క్రింద, సుగంధద్రవ్యముల బోర్డు దరఖాస్తుపై, గుంటూరు సన్నమునకు గుర్తింపు లభించియే యున్నది. కాని పేరు పుస్తకములో నుండిన చాలదు. ఆ చట్టము ప్రకారము పండించువాడు అధీకృత వినియోగదారుగా నమోదు కావలెను. నమోదైనను, సన్నపుకాయలో వేఱు రకమును, మేలుకాయలో తాలుకాయను కలిపి గోనెలకెత్తినచో, యార్డు చేరునప్పటికి ఆ పేరు గోనెలోనే మాసిపోవును.

ఎస్పెలెట్ రైతునకు ధర తెచ్చినది కారము గాదు, కట్టుబాటు. ఒక్కని కళ్ళము శుభ్రముగా నున్నంత మాత్రమున ఊరికి పేరు రాదు. కావున సంఘసభ్యులు ఒకే విత్తనము తెచ్చుకొని, రకమునకొక కళ్ళము వేసి, తాలు ఏఱి, సరకును సంఘము ముద్రతో అమ్ముటను గూర్చి రానున్న సమావేశమున ఆలోచింపవలెనని మేము కోరుచున్నాము. పంట మనది, పేరును మనది కావలెను.